అత్తరు దూది

పదహారు పాయింట్ ఎనిమిది!

మీటరు మీద ఆ అంకె చూసేసరికి ఒళ్ళు మండిపోయింది నాకు. పొద్దున్నుంచీ అదే అంకె. ఇంజను కాస్త రేజ్ చేస్తే పదిహేడు. పద్నాలుగు దగ్గర బుద్ధిగా నిలబడాల్సిన వోల్టేజీ పదిహేడు దాకా ఎగబాకితే బ్యాటరీ ఏమైపోతుంది? ఉడికిపోతుంది. మూతలు తీసి చూస్తే లోపల నీళ్ళు బుడబుడలాడుతున్నాయి. షెడ్డంతా మురిగిన కోడిగుడ్ల వాసన.

అది శుక్రవారం. ఆదివారం నా సొంత షాపు మొదలు. ఎంత ఆత్రంగా ఉన్నానో మీరే ఊహించుకోండి.

నా పేరు ఏడుకొండలు. చిలకలూరిపేటలో హైవే పక్కన నాగుల్ మీరా ఉస్తాద్ షెడ్డులో పదకొండేళ్ళు బండ్ల కరెంటు పని చేశాను. లారీ అయినా, కారైనా, ట్రాక్టరైనా, తీగల గోల ఉన్న ప్రతి బండీ మా దగ్గరికే వచ్చేది. ఉస్తాద్‌కి డెబ్బై ఏళ్ళు. మీటరు ముట్టుకోరు. రెండు తీగలకి కట్టిన చిన్న బల్బు ఒకటి జేబులో పెట్టుకుని తిరుగుతారు. దాన్ని అక్కడోసారి, ఇక్కడోసారి తగిలించి, వెలుగు చూసి, "ఇదిగో, ఇక్కడ" అంటారు. అంతే. నేనేమో అంకెలు కనపడే మీటరు కొనుక్కున్నవాణ్ణి. నిజం చెప్పొద్దూ, ఆ ఏడు నాకు కళ్ళు కాస్త నెత్తికెక్కాయి.

మా షెడ్డులో ఒక ఆనవాయితీ ఉంది. శిష్యుడెవరైనా సొంత షాపు పెట్టుకుంటే, ఉస్తాదే స్వయంగా వెళ్ళి మొదటి తీగ కలిపి, బోర్డు మీద బల్బు వెలిగిస్తారు. ఆయన వెలిగించిన షాపంటే పేట నుంచి నరసరావుపేట దాకా డ్రైవర్లకి గట్టి నమ్మకం. ఆయన రాకుండానే షాపు తెరిచినవాడు నాకు తెలిసి ఒక్కడే ఉన్నాడు. ఏడాది తిరక్కుండా అదే షట్టరులో కూల్‌డ్రింకులు అమ్ముకుంటున్నాడు.

నా బోర్డు తయారై ఇంట్లో గోడకి ఆనించి ఉంది. షట్టరు కడిగించాం. కానీ ఉస్తాద్ మాత్రం వస్తానని ఇంకా అనలేదు. నేనడిగినప్పుడల్లా "చూద్దాం అబ్బాయ్" అంటున్నారు.

ఆ శుక్రవారం పొద్దున దేవసహాయం మాస్టారి కారు వచ్చింది. ఆయన డ్రిల్లు మాస్టారుగా రిటైరయ్యారు. కారు కూడా రిటైరు కావాల్సిందే గానీ ఆయన కానివ్వలేదు. గుండ్రటి బానెట్టు, గుండ్రటి లైట్లు, నలభై ఏళ్ళ బండి. పెళ్ళయిన నెలలో కొన్నారట. శనివారం పెళ్ళిరోజుకి భార్య రూతమ్మగారిని ఎక్కించుకుని బాపట్ల వెళ్ళి, అప్పట్లో పెళ్ళి జరిగిన చర్చిలోనే ప్రార్థన చేసుకోవాలని ముచ్చటపడ్డారు. అందుకోసం ముందు వారమే దానికి రంగు కూడా వేయించారు.

వేయించింది నేనే! దగ్గరుండి వేయించాను. బయటే కాదు, బానెట్టు లోపల కూడా మీగడ రంగు మూడు పూతలు వేయించాను. కరెంటు సామాను మొత్తం విప్పి, రంగు ఆరాక నా చేత్తో మళ్ళీ బిగించాను. రెగ్యులేటర్ కింద కొత్త రంగు గీసుకుపోతుందేమోనని, రబ్బరు వాషర్లు కోసి, స్క్రూలకి రబ్బరు బుష్‌లు తొడిగి మరీ బిగించాను. పక్క లేత్ షెడ్డు చంచయ్య చూసి, "ఇంజను కాదురా ఇది, పూజగది!" అన్నాడు. రెండు రోజులు నా కాళ్ళు భూమ్మీద ఆనలేదు.

ఆ కారే ఇప్పుడు తిరిగొచ్చింది. హెడ్‌లైటు బల్బులు రెండూ మాడిపోయాయట. కొత్తవి వేస్తే అవీ మాడాయట. హారను కొడితే చెవులు చిల్లులు పడుతున్నాయట.

ఉస్తాద్ బానెట్టు ఎత్తి ఒక్కసారి తొంగి చూశారు. ముక్కుతో వాసన పీల్చారు. మూత దించేశారు.

"కొండలూ, ఇది నువ్వొక్కడివే చూడు. మాస్టారికి తాళాలు నువ్వే ఇవ్వు. ఆదివారం సంగతి ఆ తర్వాత మాట్లాడుకుందాం" అన్నారు.

నా గుండె ఎగిరి గంతేసింది. ఇదన్నమాట పరీక్ష! ఓవర్ ఛార్జింగేగా, ఎన్ని చూడలేదు! "అరగంటలో అయిపోతుంది ఉస్తాద్!" అన్నాను. ఆయన టీ గ్లాసు అందుకున్నారు.

ఆ కాలం కార్లలో రెగ్యులేటర్, ఇంజను తిరుగుతుంటే కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్‌లో కలిసి ఉండదు. విడిగా ఒక చిన్న నల్ల డబ్బా. బ్యాటరీ నిండిందని తెలియగానే "ఇక చాల్లే" అని ఆల్టర్నేటర్‌ని తగ్గించేది అదే. అది ఆ మాట చెప్పడం మానేస్తే ఆల్టర్నేటర్ బ్యాటరీలోకి కరెంటు తోస్తూనే ఉంటుంది. నేను మీటరు పెట్టాను. పదహారు పాయింట్ ఎనిమిది.

"ముసలిదైపోయింది. దీని పని అయిపోయింది" అని ఆ నల్ల డబ్బాని విప్పి, చెత్త డబ్బాలోకి ఒక్క విసురు విసిరాను. వెంటనే మాస్టారికి ఫోను చేసి, "మీ రెగ్యులేటర్ చచ్చిపోయింది సార్, కొత్తది వేసేస్తున్నా" అని గొప్పగా చెప్పాను.

"పోయిందా? పెళ్ళినాటిది బాబూ అది" అన్నారాయన. గొంతులో దిగులు తెలిసిపోయింది. "సరే, కానీ. పన్నెండున్నరకి వస్తాను."

కొత్త రెగ్యులేటర్ తెచ్చి, అదే చోట అంతే శుభ్రంగా, బుష్‌లూ వాషర్లూ ఏవీ మర్చిపోకుండా బిగించాను. స్టార్ట్ చేశాను. పదహారు పాయింట్ ఎనిమిది!

ఛీ, నాసిరకం సరుకు. ఎదురు షాపుకి పరిగెత్తి ఇంకోటి తెచ్చాను. బిగించాను. పదహారు పాయింట్ ఎనిమిది!

అయితే తప్పు ఆల్టర్నేటర్‌దే. బెల్టు వదులు చేసి, దాన్ని దించి, షెడ్డులో నేనే బాగుచేసి పెట్టిన ఇంకో ఆల్టర్నేటర్ ఎక్కించాను. అప్పటికి పదకొండున్నర. చొక్కా పిండితే బకెట్టు నిండేలా ఉంది. బ్యాటరీ నుంచి ఇంజనుకి వెళ్ళే ఎర్తు తీగ కూడా గీకి, తుడిచి, బిగించాను. దేవుడికి దణ్ణం పెట్టుకుని తాళం తిప్పాను.

పదహారు పాయింట్ ఎనిమిది. కనీసం పాయింట్ ఏడు కూడా కాలేదు మహాతల్లి!

కారు టైరుని ఒక్క తన్ను తన్నాను.

ఉస్తాద్ మంచం మీద కూర్చుని జుమ్మా నమాజుకి తయారవుతున్నారు. కడిగిన తెల్ల చొక్కా, ఒళ్ళో టోపీ, పక్కన అత్తరు సీసా, కాస్త దూది. ప్రతి శుక్రవారం కాస్త దూదిని అత్తరులో అద్ది చెవి మడతలో పెట్టుకోవడం ఆయన అలవాటు.

"ఏం అబ్బాయ్, బండిని తంతున్నావ్?"

"ఇది బండి కాదు ఉస్తాద్, దయ్యం! మూడు రెగ్యులేటర్లూ పోయినవే, రెండు ఆల్టర్నేటర్లూ పోయినవే!"

"మూడూనా?"

"మూడూ!"

"రెండూనా?"

"రెండూనూ!"

"మీటరు మాత్రం బాగుంది."

"మీటరు కొత్తది ఉస్తాద్!"

"నువ్వూ బాగున్నావ్."

చెవులు వేడెక్కాయి. ఆయన మంచం మీద పక్కకి జరిగి, "ఇలా వచ్చి కూర్చో" అన్నారు.

కూర్చున్నాను. గోడకున్న రేడియో తీసి నా ఒళ్ళో పెట్టారు. అందులో ఎవరో సన్నగా పాడుతున్నారు. ఆయన దూది తీసుకుని రెండు పెద్ద ఉండలు చేశారు. అత్తరు అద్దారు. ఒకటి నా కుడి చెవిలో, ఒకటి ఎడమ చెవిలో గట్టిగా కుక్కారు. ఇదేంటి ఉస్తాద్ అని నేనడుగుతుండగానే నా తువ్వాలు లాక్కుని తల చుట్టూ, చెవుల మీదుగా రెండు చుట్లు చుట్టి ముడేశారు. పన్నెండున్నరకి మాస్టారు వస్తున్నారు, ఈయన నన్ను పెళ్ళికొడుకుని చేస్తున్నారేంట్రా దేవుడా అనుకున్నాను.

రేడియో చూపించి, వేలు తిప్పుతున్నట్టు సైగ చేశారు. నోరు కదలడాన్ని బట్టి అర్థమైంది. "మనం రోజూ వినేంత పెట్టు."

మీట తిప్పాను. ఏమీ వినపడలేదు. ఇంకాస్త తిప్పాను. ఎక్కడో దూరంగా ఈగ తిరుగుతున్నట్టుంది. ఇంకాస్త, ఇంకాస్త. పాట ఇప్పుడిప్పుడే చెవిన పడుతోంది, చివరి దాకా తిప్పేస్తే రోజూ వినేంత అవుతుంది. తిప్పేశాను. ఆ, ఇదీ, సరిగ్గా ఇంతే!

హాయిగా తలెత్తి చూద్దును గదా, ఎదురుగా చంచయ్య! లేత్ వదిలేసి పరిగెత్తుకొచ్చినట్టున్నాడు, రెండు చేతులతో చెవులు మూసుకుని నోరంతా తెరిచి నన్ను తిడుతున్నాడు. రోడ్డవతల టీ బంకు దగ్గర జనం లేచి నిలబడి ఇటే చూస్తున్నారు. మంచం కోడు పక్కన టీ గ్లాసులో చెంచా దానంతటదే వణుకుతోంది. నాకేమో పాట చక్కగా, మంద్రంగా వినపడుతోంది.

ఉస్తాద్ చెయ్యి చాచి రేడియో ఆపేశారు. తువ్వాలు ముడి విప్పి లాగేశారు. దాంతోపాటే కుడి చెవి దూది రాలిపడింది.

"...చెవుడా నీకు, చెవుడొచ్చిందా!" అని చంచయ్య తిట్టులో తోక ముక్క వినపడింది.

ఉస్తాద్ రేడియోని అటూ ఇటూ తిప్పి చూశారు.

"పాడైందంటావా? ఇంకో రేడియో తెద్దామా?"

"రేడియోకేమైంది ఉస్తాద్? బాగానే ఉంది."

"మరి నీ చెవి పోయిందంటావా?"

"నా చెవీ బాగానే ఉంది, మీరు దూది..."

అక్కడ ఆగిపోయాను.

ఆయన నా వంక చూడటం లేదు. ఒళ్ళోని టోపీ మడతలు సరిచేసుకుంటున్నారు. నేను కారు వైపు చూశాను. తెరిచిన బానెట్టు, మీగడ రంగు, మధ్యలో కొత్త నల్ల డబ్బా, దాని నాలుగు మూలలా నేను ముచ్చటపడి కోసిన నల్ల రబ్బరు.

"ఒక్క నిమిషం! ఒక్క నిమిషం ఉస్తాద్!"

మంచం మీంచి ఎలా లేచానో, చంచయ్యని ఎలా తోసుకుంటూ వెళ్ళానో నాకే తెలీదు. ఆ డబ్బాకి ఎర్తు తీగంటూ విడిగా ఉండదు. దాని ఇనప ఒళ్ళు కారు ఇనప ఒంటికి అంటుకుని ఉండాలి. అలా అంటుకుని ఉంటేనే బ్యాటరీ ఎంత నిండిందో దానికి తెలుస్తుంది. మూడు పూతల రంగు మీద రబ్బరేసి, స్క్రూలకి కూడా రబ్బరు తొడిగి కూర్చోబెట్టినవాణ్ణి నేనే. దానికి ఏం వినపడుతుంది నా మొహం! చాల్లేదు, ఇంకా కావాలి, ఇంకా కావాలి అంటూ అది మీట తిప్పుతూనే ఉంది.

చేతికందిన తీగముక్క తీసుకున్నాను. ఇంజను స్టార్ట్ చేశాను. పదహారు పాయింట్ ఎనిమిది. తీగ ఒక కొసని బ్యాటరీ మైనస్‌కి పెట్టి, రెండో కొసని ఆ డబ్బా ఒంటికి తగిలించాను.

పద్నాలుగు పాయింట్ రెండు!

తీగ తీశాను, పదహారు పాయింట్ ఎనిమిది. పెట్టాను, పద్నాలుగు పాయింట్ రెండు. తీశాను, పెట్టాను, తీశాను, పెట్టాను. "వింటోంది! ఉస్తాద్, వింటోంది!" అని కేకలు పెట్టాను. పదకొండేళ్ళ పనిలో నాకంత సంతోషం ఎప్పుడూ కలగలేదు. చంచయ్య నా వంకా, ఉస్తాద్ వంకా చూసి, వీళ్ళిద్దరికీ ఏదో అయిందన్నట్టు తల పట్టుకున్నాడు.

ఇంక డబ్బా విప్పి, రబ్బరంతా పీకేసి, బ్లేడు తీసుకుని ఆ చోట రంగు గీకడం మొదలెట్టాను. నేనే వేయించిన రంగు! ఒక్కో పూతా లేస్తుంటే ప్రాణం ఉసూరుమంది. గీకి, గరుకు కాయితంతో రుద్దితే అడుగున ఇనుము తళుక్కుమంది. అక్కడ కొత్త డబ్బా పెట్టబోతుంటే వెనక నుంచి ఉస్తాద్ గొంతు వినపడింది.

"పాతదేదీ?"

చెత్త డబ్బాలోంచి దాన్ని ఏరి తెచ్చాను. ఒక మూల కాస్త సొట్టపోయింది, నేను విసిరినప్పుడే అయ్యుంటుంది. తుడిచి బిగించాను. మాస్టారి ఆల్టర్నేటర్ మళ్ళీ ఎక్కించి, బ్యాటరీలో నీళ్ళు పోసి, స్టార్ట్ చేశాను. పద్నాలుగు పాయింట్ రెండు. మాడిన బల్బులు మార్చి హెడ్‌లైట్లు వేశాను, పద్నాలుగు పాయింట్ ఒకటి. నలభై ఏళ్ళ డబ్బా అంకె దగ్గర కదలకుండా నిలబడింది. దాన్ని నేను ముసలిదన్నాను, చచ్చిందన్నాను.

పన్నెండున్నర కొట్టేసరికి మాస్టారు ఆటో దిగారు. ఇస్త్రీ చొక్కా, చేతిలో గొడుగు. నేరుగా బానెట్టు దగ్గరికే వెళ్ళారు.

"అయ్యయ్యో! కొత్త రంగు బాబూ, ఈ గీతలేంటి ఇలా?"

అదిగో, అప్పుడే నా నాలుక మీదికొక మాట వచ్చి కూర్చుంది. పాత రెగ్యులేటర్ కదా సార్, మొండికేసింది, దారికి తేవడానికి తప్పలేదు. ఎంత తేలికైన మాట! ఆయన నమ్ముతారు. ఎప్పటికీ ఎవరికీ తెలీదు. టీ బంకు దగ్గర నలుగురు డ్రైవర్లు చెవులు రిక్కించి వింటున్నారు. ఎల్లుండి నా షాపుకి రావాల్సింది వాళ్ళే. చంచయ్య కూడా ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు.

ఉస్తాద్ గుమ్మం దగ్గర అటు తిరిగి చెప్పులు తొడుక్కుంటున్నారు. చెప్పులు తొడుక్కోవడానికి ఆయనకి అంతసేపు ఎప్పుడూ పట్టదు.

చేతులు తుడుచుకున్నాను.

"మాస్టారూ, మీ రెగ్యులేటర్‌కి ఏ రోగమూ లేదు. పొద్దున ఫోన్లో నేను చెప్పింది తప్పు. కొత్త రంగు గీసుకుపోతుందని దాని కింద రబ్బరు నేనే పెట్టాను. మీ బల్బులు మాడినా, బ్యాటరీ ఉడికినా అది నా వల్లే. ఇప్పుడు రబ్బరు తీసేశాను. ఇంక ఏ భయమూ లేదు, బాపట్ల వెళ్ళి రండి. గీతలు పడిన చోట చుట్టూ మళ్ళీ రంగు నేను వేస్తాను."

ఆయన బానెట్టు లోపలికి వంగారు. ఆ నల్ల డబ్బా మీద అరచెయ్యి పెట్టారు.

"అయితే ఇది పాతదేనా? మా పెళ్ళినాటిదేనా?"

"అదే సార్."

"చావలేదన్నమాట!"

"చావలేదు సార్."

మాస్టారి మొహం వెలిగిపోయింది. నా చేతిలోంచి తాళాలు తీసుకున్నారు. "రంగుదేముంది బాబూ, మూత వేస్తే కనపడదు. ముందీ సంగతి రూతమ్మకి చెప్పాలి" అంటూ ఎక్కి కూర్చుని, హారను ఒక్కసారి కొట్టి చూసుకుని, నవ్వుకుంటూ రోడ్డెక్కారు. వెనక దుమ్ము కాస్త లేచి సర్దుకుంది.

"ఓరి నీ తెలివి తెల్లారా!" అని చంచయ్య నెత్తి కొట్టుకున్నాడు. "నలుగురిలో అలా చెప్పేసుకుంటారట్రా ఎవరైనా? ఎల్లుండి షాపు పెట్టుకుంటూ! ఇంక నీ దగ్గరికి ఎవడొస్తాడు?"

నిజమే. ఒక్కడినే చూస్తానని, అరగంటన్న పని మూడున్నర గంటలు చేసి, చివరికి ఉస్తాద్ చేత దూది కుక్కించుకున్నాను. పైగా తప్పు నాదేనని ఊరందరికీ వినపడేలా చెప్పుకున్నాను. ఇంట్లో గోడకి ఆనించిన బోర్డు కళ్ళ ముందు కదిలింది. ఇంకో ఏడాది ఇక్కడే అనుకుంటూ పానాలు ఏరి పెట్టెలో సర్దడం మొదలెట్టాను.

గుమ్మం దాటిన ఉస్తాద్ వెనక్కి వచ్చారు. నమాజుకి టైమవుతోంది, టోపీ పెట్టేసుకున్నారు. నా ఎదురుగా నిలబడి, రెండు వేళ్ళతో నా ఎడమ చెవిలోంచి దూది ఉండని మెల్లగా లాగారు. ఆ కంగారులో అదింకా అక్కడే ఉందన్న సంగతే మర్చిపోయాను. ఒక్కసారిగా లారీల మోత, లేత్ కీచుమోత, టీ బంకు దగ్గర డ్రైవర్ల మాటలు అన్నీ చెవిలోకి వచ్చిపడ్డాయి. అత్తరు వాసన గుప్పుమంది.

"ఆదివారం ఎన్నింటికి రమ్మంటావ్?" అన్నారు ఉస్తాద్.